వలస వచ్చినవారి సాయంకాలములు: పల్నాటి పట్టణములపై ఒక సమీక్ష

ఉద్యోగరీత్యా గాని, చదువు నిమిత్తము గాని, వివాహకారణమున గాని ఒక ఊరు విడిచి మరియొక ఊరు చేరువారు, బండికి సామాను ఎక్కించుటకు ముందే అద్దె యింటిని గూర్చియు, పిల్లల బడిని గూర్చియు, మంచినీటి వసతిని గూర్చియు పదిమందిని విచారింతురే కాని, సాయంకాలము ఆరు గంటలు మొదలు తొమ్మిది గంటల వఱకు తాము ఎవరితో కూర్చుండి ఏమి మాటలాడుదుమో ఆలోచించువారు మిక్కిలి అరుదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట దానికి కేంద్రమైన పిమ్మట ఈ ప్రశ్న ఆ పట్టణమునకు పెద్దయెత్తున ఎదురైనది. కలెక్టరు కచ్చేరితో పాటు వివిధ శాఖల జిల్లా కార్యాలయములు వచ్చినవి. వానివెంట గుమాస్తాలు, ఇంజనీర్లు, లెక్కలవారు, వాహన చోదకులు వచ్చిరి. అంతకు మున్నే ఆసుపత్రులకును కళాశాలలకును పేరొందిన ఊరగుటచే పరస్థలపు వైద్యులును, అధ్యాపకులును, వసతిగృహముల విద్యార్థులును అచట ఉండనే యుండిరి. మాచర్లకు సిమెంటు కర్మాగారము వలనను, పిడుగురాళ్ళకు సున్నపు బట్టీల వలనను, గురజాలకు డివిజను కచ్చేరుల వలనను వచ్చినవారిని గూడ లెక్కించినచో, పల్నాటి పట్టణములలో పుట్టి పెరిగినవాడెవడో, నిన్న దిగినవాడెవడో విడదీయుట అంత సులభము కాదు. నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదును: ఈ సీమలో వినోదమునకు కొదువ లేదు. ఎవరి సిఫారసును లేక, ఎవరి తాలూకో చెప్పుకొన నక్కఱ లేక, వచ్చి కూర్చుండి నలుగురితో కలిసి ఒక పనిలో చేయి వేయదగిన తావులు మాత్రము తఱుగుచున్నవి.

పల్నాటికి పరదేశులు క్రొత్త కారు. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియై యుండి, నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్న విజయపురిలో, సింహళమునుండి వచ్చిన భిక్షువులకు ప్రత్యేకముగా ఒక విహారము, సింహళ విహార మను పేరిటనే, ఉండెనని ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనము వలన తెలియుచున్నది. ఆ నగరమునందే మెట్ల వరుసలతో కూడిన రంగభూమి యొకటి త్రవ్వకములలో బయల్పడగా, పురావస్తుశాఖవారు దానిని మాచర్ల మండలమందలి అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించిరి. ఈనాటికిని యాత్రికులు ఆ మెట్లపై కూర్చుండి ఫోటోలు తీయించుకొనుచుందురు. దూరదేశమునుండి వచ్చినవానికి తనవారితో ఉండుటకు ఒక నెలవు, ఊరివారందఱితో కలిసి కూర్చుండుటకు మఱియొక నెలవు అను ఏర్పాటు పదునేడు వందల యేండ్ల నాడే ఇచట నుండెననుట విశేషము. మన కాలమునందు మొదటిది చాలినంత కలదు. రెండవదానిని గూర్చియే విచారింపవలసియున్నది.

పల్నాటి కథను ఈ దృష్టితో చదివినవారు తక్కువ. 12వ శతాబ్ది నాటి ఆ గాథలో సగము, ఇల్లు విడిచి పరచోట తలదాచుకొన్నవారి కథయే. గురజాల నేలిన నలగామరాజుతో రాజ్యము పంచుకొని అతని సవతి సోదరులు మలిదేవాదులు మాచర్లకు తరలిరి. కోడిపందెమున ఓడి ఏడేండ్లు ప్రవాసమేగిరి. మండాదిలో మంద నిలుపుకొని యుండగా నలగాముని మంత్రిణి నాయకురాలు నాగమ్మ పంపున శత్రువులు ఆ మందపై పడిరి. కారెంపూడిలో నాగులేటి యొడ్డున ఏటేట కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు దినములు జరుగు వీరారాధనోత్సవములలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమున కొక పేరు కలదు. ఊరూరినుండి వీరాచారులు తమ పూర్వుల ఆయుధములను, కొణతములని వారు వ్యవహరించువానిని, పట్టుకొని వత్తురు. వీనిలో మందపోరు నాడే చాపకూడు జరుగును. చాపలు పఱచి, అన్నము రాశిగా పోసి, కులభేదము పాటింపక అందఱును ఒక్క బంతిని కూర్చుండి తినుట ఈ చాపకూటి పద్ధతి. మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు దీనిని నెలకొల్పెనని ప్రతీతి. మాలకులజుడైన కన్నమదాసును కొడుకుగా చేపట్టి సేనానిని చేసినవా డాతడే యని గాథ చెప్పుచున్నది. ప్రవాసులపై దాడి జరిగిన దినమునే సహపంక్తి భోజనమునకు ఎన్నుకొన్నవారు తెలిసి ఎన్నుకొనిరో, ఆచారవశమున అట్లు కుదిరెనో చెప్పజాలను గాని, ఊరికి క్రొత్తగా వచ్చిన ఉద్యోగికి నేనిచ్చు మొదటి సలహా ఆనాడు కారెంపూడి పొమ్మనుటయే. అచట వడ్డించువాడు పేరడుగడు. విస్తరి వేయును, అంతే.

ఆధునిక కాలమున ఈ ప్రాంతమునకు వచ్చిన పెద్ద వలస నాగార్జునసాగరము వలన కలిగినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసినది మొదలు, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినంత వఱకు, పండ్రెండేండ్లు అక్కడ ఒక తాత్కాలిక ప్రపంచమే వెలసినది. రాతికట్టడపు ఆనకట్ట యగుటచే యంత్రములకన్న మనుష్యుల చేతులే ఎక్కువగా పనిచేసినవి. వేలకొలది కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్లు నలుదిక్కులనుండి చేరిరి. కుడిగట్టున విజయపురి సౌత్, ఎడమగట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఏర్పడినవి. ఎవ్వరికిని అది సొంత ఊరు కాదు. ఒకే వరుస క్వార్టర్లలో, ఒకే కుళాయి చెంత, ఒకే సైరనుకు లేచుచు పండుకొనుచు బ్రతికినవారికి ఇరుగుపొరుగే బంధువర్గమగుట సహజము. ఫెస్టింగరు మున్నగు మనశ్శాస్త్రజ్ఞులు అమెరికాలో ఒక సాంకేతిక విద్యాసంస్థకు చెందిన వివాహిత విద్యార్థుల నివాసములను పరిశీలించి 1950లో ప్రకటించిన గ్రంథమున, స్నేహములు అభిరుచుల కన్న ముందు గుమ్మముల దూరమును బట్టియు, మెట్ల దారిని బట్టియు ఏర్పడునని నిరూపించిరి. ప్రాజెక్టు కాలనీలలో పెరిగినవారికి ఈ సంగతి ఏ గ్రంథమును చదువకయే తెలియును.

నరసరావుపేట అట్టిది కాదు. మల్రాజు వారి జమీందారీ పాలనలో పెరిగి, మునిసిపాలిటీయై, 1950లో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాలను పొంది, చుట్టుప్రక్కల పల్లెల భాగ్యవంతులు మేడలు కట్టుకొని స్థిరపడిన ఊరది. ఇచట క్రొత్తవాడు క్రొత్తవారి నడుమ దిగడు. తరతరములుగా ఒకరినొకరు ఎఱిగినవారి నడుమ దిగును. తెల్లవాఱుజామున ఏ కళాశాల మైదానమునకైనను నడకకు పోయి చూడుడు. నాలుగు చుట్లు పూర్తియగు లోపల ఒక పెద్దమనిషి తప్పక ప్రక్కకు చేరి పలుకరించును.

"కొత్తగా వచ్చినట్టున్నారు, ఏ డిపార్టుమెంటు సార్?"

"ట్రెజరీ అండీ."

"ఏవూరు మనది?"

"టెక్కలి దగ్గరండీ, శ్రీకాకుళం జిల్లా."

"అబ్బో, చాలా దూరమే! మా తోడల్లుడు పలాసలో చేశాడు మూడేళ్ళు. ఎక్కడ దిగారు?"

"ప్రకాష్ నగర్లో."

"ఎవరింట్లో?"

ఈ చివరి ప్రశ్నకు సమాధానము దొరకినంతనే పెద్దమనిషి ముఖము విచ్చుకొనును. ఇంటి యజమాని తెలియును గనుక అద్దెకున్నవాడును తెలిసినట్లే. దీనిని కొందఱు ఆరా తీయుట యని విసుగుకొందురు. నాకు మాత్రము ఇది పల్నాటి మర్యాదగానే తోచును. టెక్కలివానిని ఎక్కడనో ఒకచోట తగిలించుకొనుటకు ఆ పెద్దమనిషి పలాస తోడల్లుని గూడ పిలుచుకొని వచ్చెను గదా. చిక్కు ఈ ప్రశ్నలలో లేదు. వీని వెనుక అడుగక అడుగు ప్రశ్నలో నున్నది. అద్దె యిల్లు చూపునప్పుడు ఆ ప్రశ్న మాంసాహారమును గూర్చిన విచారణగా మొదలగును, ఇంటిపేరును గూర్చిన విచారణగా ముగియును. సమాధానము నచ్చనిచో, "మా అబ్బాయి వస్తానంటున్నాడండీ, ఇల్లు ఇచ్చే ఉద్దేశం లేదు" అను మాట వెలువడును. ఆ అబ్బాయి ఎన్నటికిని రాడు, టు-లెట్ బోర్డు తీయబడదు. కవి గుఱ్ఱం జాషువ 1895లో వినుకొండలో జన్మించి, విద్వత్తు సంపాదించిన పిమ్మట కూడ కులము పేరిట ఎన్ని గడపల యొద్ద ఆగిపోవలసివచ్చెనో తెలుగు పాఠకులెఱుగుదురు. ఆ వినుకొండ నేడు ఈ జిల్లాలోనిదే.

కార్తీకమాసము వచ్చినదనిన ఈ సంగతి మఱింత స్పష్టపడును. ఉసిరిచెట్టు నీడను పదిమంది కలిసి భుజించుట అను చక్కని ఆచారము, కొన్ని దశాబ్దములుగా తెలుగునాట అంతటను కులసంఘముల వనసమారాధనములుగా మాఱినది. పట్టణపు పొలిమేరల తోటలలో ఆదివారమునాడు షామియానాలు వేసి, మైకులు పెట్టి, పిల్లలకు పరుగుపందెములు, స్త్రీలకు ముగ్గుల పోటీలు, పురుషులకు ఉపన్యాసములు ఏర్పఱతురు. క్రొత్తవాడు ఆ కులమునకు చెందినవాడైనచో మొదటి కార్తీకమునకే వంద కుటుంబములు పరిచయమగును. బదిలీపై వచ్చినవారికి ఇంతకన్న త్వరిత సౌకర్యము వేఱొండు లేదని నేనొప్పుకొందును. కాని ఆ సౌకర్యమే అతనిని అచటనే నిలిపివేయును. పెండ్లి సంబంధములు, వైద్యుని చిరునామా, పిల్లవాని సీటు, సాయంకాలపు పేకాట సైతము ఆ వంద యిండ్లలోనే లభించుచుండగా, నూట ఒకటవ యింటి తలుపు తట్టవలసిన అక్కఱ అతనికేమున్నది? కొలది దినముల యెడముననే, ఒకే జిల్లాలో, కారెంపూడిలో చాపకూడును, ఊరి తోటలలో ఈ భోజనములును జరుగుచున్నవి. రెండింటను తినువారు కలరు. వారికి వైరుధ్యము తోచుచున్నట్లు లేదు.

స్నేహమునకు పట్టు కాలమును గూర్చి ఒక లెక్క కలదు. కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ హాల్, క్రొత్త ఊరికి మాఱినవారిని, క్రొత్తగా కళాశాలలో చేరినవారిని పరిశీలించి 2018లో ప్రకటించినదాని ప్రకారము, ముఖపరిచయము సామాన్య స్నేహమగుటకు సుమారు 50 గంటలు, స్నేహమనదగినదగుటకు 90 గంటలు, ఆప్తమగుటకు 200 గంటలకు పైగా కలిసి గడుపవలెను. అందు ఒకచోట ఉద్యోగము చేసిన గంటలు అంతగా లెక్కకు రావు. దీనిని నరసరావుపేటకు అన్వయించి చూతము. దినమునకు అరగంట కలిసి నడచువారికి 200 గంటలు నిండుటకు నాలుగు వందల దినములు చాలును. వారమున కొకసారి గంటసేపు కలియువారికి నాలుగేండ్లు కావలెను, ఆలోపల బదిలీ ఉత్తరువే వచ్చును. ఇక ఈ ఊరి ఉద్యోగులలో అనేకులు పిల్లల చదువుల నెపమున కుటుంబమును గుంటూరులోనే ఉంచి, 45 కిలోమీటర్లు ప్రతిదినము వచ్చి పోవుచున్నారు. వారు ఉదయము బస్సులో నిదురించి, సాయంకాలము బస్సులో ఫోను చూచుకొని, రెండు ఊళ్ళలోను అతిథులుగానే మిగులుదురు. జిల్లా కేంద్రమైనను సాయంకాలము ఆఱు దాటిన పిమ్మట కచ్చేరుల పరిసరములు వెలవెలబోవుటకు ఇదియొక కారణము. ఈ రాకపోకల ఖర్చును లెక్కించువారు టిక్కెట్టు సొమ్మునే లెక్కింతురు.

ఇట్టి గంటలు కూడబెట్టుకొనుటకు పూర్వులు ఏర్పఱచిన సంస్థలలో గ్రంథాలయము మొదటిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినప్పుడు, అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా భావింపలేదు. పత్రిక బిగ్గఱగా చదువుట, విని చర్చించుట, రాత్రి బడి, హరికథ, ఉపన్యాసము అన్నియు ఆ కప్పు క్రిందనే జరుగవలెనని తలచిరి. పరదేశమున నున్న తెలుగువారికిని అదియే ఆశ్రయమైనది. నిజాము నగరమైన హైదరాబాదున 1901లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమే అందుకు సాక్షి. నేటి శాఖా గ్రంథాలయములకు పోయి చూచినచో, ఉదయము పత్రికలకై వచ్చు పింఛనుదారులును, పగలంతయు పోటీపరీక్షల పుస్తకములపై వంగియుండు యువకులును కనబడుదురు. వారెవ్వరును ఒకరితో నొకరు మాటలాడరు. మాటలాడరాదని గోడమీదనే వ్రాసియున్నది. చదువునకు నిశ్శబ్దము కావలసినదే, కాదనను. కాని ప్రక్క గదిలో మాటలకు తావుండెడి పాత యేర్పాటు లుప్తమైనది.

ఆ లోటును కొంత తీర్చునది నాటకము. నరసరావుపేట భువనచంద్ర టౌన్‌హాలులో సభలకును ప్రదర్శనములకును అలవాటుపడిన ప్రేక్షకులు నేటికిని కలరు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడినది మొదలు గుంటూరు సీమకు పరిషత్తు పోటీల వ్యసనము పట్టినది. బ్యాంకు గుమాస్తా, పంచాయతీ కార్యదర్శి, ఎల్.ఐ.సి. ఏజెంటు, బడిపంతులు సాయంకాలములు రిహార్సలు చేసి, పరిషత్తు నాడు మొగమునకు రంగు పూసికొనుట ఇచటి సంప్రదాయము. ప్రేక్షకుడుగా పోయిన క్రొత్తవాడు నాటకము చూచి ఇల్లు చేరును. అతనికి మిత్రుడొక్కడును లభింపడు. ప్రాంప్టింగు చెప్పుటకో, లైట్ల వైరు పట్టుకొనుటకో, కనీసము టీ గ్లాసులు అందించుటకో పోయినవానికి నెల తిరుగునప్పటికి సమాజమంతయు వశమగును. నాటకమునకు మనుష్యులు ఎప్పుడును తక్కువయే. కావున చేరినవాని కులగోత్రములను విచారించు తీరిక దర్శకునికి ఉండదు. వచ్చినవాడు ఉచ్చారణ చక్కగా పలుకునా, రేపు కూడ వచ్చునా అనునవే అతని చింతలు.

కోటప్పకొండ ప్రభలు ఇంతకన్న విస్తృతమైన ఉదాహరణము. నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున త్రికూటేశ్వరుడు వెలసిన ఆ కొండకు మహాశివరాత్రి నాడు పరిసర గ్రామములు విద్యుద్దీపములతో అలంకరించిన ఎత్తైన ప్రభలను కట్టుకొని పోవును. రాత్రి కొండ క్రింద ఆ వెలుగులను చూచుట ఒక యెత్తు. అంతకు ముందు వారముల తరబడి కఱ్ఱలు తెచ్చి, చట్రము బిగించి, గుడ్డ లాగి, బల్బుల వరుసలు కుట్టి, ప్రభను నిలబెట్టునపుడు నాలుగు వైపుల మోకులు పట్టుట వేఱొక యెత్తు. మోకు పట్టుటకు ఏ చేతులైనను పనికివచ్చును. ఊరి కుఱ్ఱవాడు "అన్నా, ఇటు లాగు!" అని కేకవేసినప్పుడు అవతల నున్నవాడు వ్యవసాయశాఖ ఉద్యోగియో, ఆసుపత్రిలో మందులిచ్చువాడో చూడడు. క్రొత్తవారు సాధారణముగా చందా వ్రాసి రసీదు పుచ్చుకొని ఊరకుందురు. ఆ రసీదు సొరుగులో పడియుండును, వారును ఇంటనే పడియుందురు.

స్త్రీల విషయము వేఱుగా చెప్పవలసియున్నది. ఏలయన, వలస వచ్చినవారిలో అందఱికన్న ప్రాచీనురాలు కోడలు. మెట్టినింటికి వచ్చిన పడుచునకు పూర్వము నీళ్ళరేవు, తిరుగలి, పేరంటము అను మూడు చావడులుండెడివి. కుళాయి రేవును, గ్రైండరు తిరుగలిని తీసివేసినవి. పేరంటము శ్రావణమాసమునకు కుదించుకొనిపోయినది. వానికి బదులుగా ఏర్పడినవానిలో నాకు మిక్కిలి నచ్చినది కోలాటము. నలువదియేండ్లు దాటిన గృహిణులు ఒకే రంగు చీరలు కట్టి, గుడి ఆవరణమున ఒక గురువునొద్ద అడుగులు నేర్చుకొని, మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్ళ వంటి ఉత్సవములలో ఆడుటకు బయలుదేరుచున్నారు. లలితా పారాయణ బృందములు, పొదుపు సంఘములు, అపార్టుమెంటు మేడపై సాయంకాలపు కబుర్లు కలవు. అయితే పురుషుడు ఏ టీకొట్టు వద్దనైనను, పునుగుల బండి వద్దనైనను కాగితపు ప్లేటు పట్టుకొని పల్లీచట్నీ అద్దుకొనుచు అరగంట నిలబడవచ్చును. అక్కడ ఉన్నంత సేపు అతడు ఊరివాడే. ఒంటరిగా ఉద్యోగమునకు వచ్చిన యువతి అట్లు నిలబడినచో ప్రక్కవారు చూచు చూపు వేఱు. వసతిగృహము, కార్యాలయము, గుడి, మందుల దుకాణము అను నాలుగు మూలల నడుమనే ఆమె ఊరు ముగిసిపోవును. పార్కునకు రెండు దీపములు, వాకిట ఒక కావలివాడు, రాత్రి ఎనిమిదింటి వఱకు తెఱచియుండుట అనునవి మునిసిపాలిటీకి భారము కావు. ఆమెకు మాత్రము ఊరే పెద్దదగును.

ఇదే పల్నాటివారు పరాయిచోట ఎట్లుందురో చూచుట కూడ ప్రయోజనకరము. హైదరాబాదు కూకట్‌పల్లిలో ఉన్నవారు శివరాత్రికి కారులు కట్టుకొని కోటప్పకొండకు దిగుదురు; అమెరికాలోని వారు 1977లో ఏర్పడిన ఉత్తర అమెరికా తెలుగు సంఘము, తానా, మహాసభలలో కలిసికొని, మిరపకాయ ధరను, ఊరి రాజకీయమును మాటలాడుకొందురు. ఇచట గురజాలలో ఉన్నంతకాలము పొరుగు వీధికి పోని పెద్దమనిషి, డల్లాసులో మనుమని ఇంటనుండి వారాంతమున నలువది మైళ్ళు ప్రయాణము చేసి తెలుగువారి పేకాటకు పోవుటలో ఆశ్చర్యము లేదు. తాను క్రొత్తవాడైనప్పుడు ప్రతివానికిని ఇతరుల విలువ తెలియును. తిరిగివచ్చిన పిదప, తన మేడలో అద్దెకున్న టెక్కలివానిని భోజనమునకు పిలుచునా లేదా అనునది వేఱు సంగతి. పిలిచినవారు కొందఱు కలరని విన్నాను.

ఈ సమీక్షలో ఇంతవఱకు రాని వలసదారులు ఒక తెగ కలరు. మిరప కోతల కాలమున కర్నూలు సీమనుండి కుటుంబములతో సహా వచ్చి, చేల గట్లపై పట్టాలతో గుడిసెలు వేసికొని, నెలల తరబడి ఉండువారు వారు. సున్నపు బట్టీల వద్ద దూరరాష్ట్రపు భాష మాటలాడుకొనువారును ఆ కోవలోనివారే. వారి సాయంకాలములను గూర్చి ఏ మునిసిపాలిటీయు, ఏ క్లబ్బును, ఏ వ్యాసకర్తయు ఆలోచించినట్లు లేదు. పొయ్యి వెలిగించి, పిల్లలకు అన్నము పెట్టి, ఒక ఫోను చుట్టు పదిమంది చేరి సినిమా చూచి పండుకొందురు. ఆదివారపు సంతకు వచ్చినప్పుడు కొనుగోలుదారులుగా వారికి ఆదరణ కలదు. టీకొట్టు బల్లపై మాత్రము కూర్చుండక, గ్లాసులు పట్టుకొని ప్రక్కన నిలబడి త్రాగుటయే నేను చూచితిని. బల్ల ఖాళీగానే యున్నది, కూర్చుండవలదని ఎవ్వరును అనలేదు. కూర్చుండుడని మాత్రము ఎవ్వరును అనలేదు.